చప్పుడు లేని ఊఁ

ఆగస్టు 4, సోమవారం

ఈ ఉద్యోగం ఈ నెలాఖరుకి మానేస్తాను. రాసి పెట్టుకుంటే మాట మీద నిలబడతానని రాస్తున్నాను.

ఇవాళ ఒక విత్తనాల కంపెనీ ఎండీకి నుదుటి మీద చెమట ఒత్తి పౌడరు రాశాను. చెమట గురించి నేను చదివినవన్నీ శ్రమజీవి చెమట గురించే. ఎండీల చెమట లైట్లకి మెరుస్తుందని, దాన్ని తుడవకూడదని, టిష్యూతో మెల్లగా ఒత్తాలని ఏ పుస్తకంలోనూ లేదు.

బెంజ్ సర్కిల్ దగ్గర మూడో అంతస్తులో కిరీటి స్టూడియో. కంపెనీల పెద్దలు కెమెరా ముందు కూర్చుని తమ గొప్ప తాము చెప్పుకునే వీడియోలు తీస్తాడు. (డైరీలో ఎవరికీ గారు ఉండదు. ఇది నియమం.) తీయడం ఆయన పని, వాళ్లని తయారుచేయడం నా పని. సన్న గీతల చొక్కా వద్దనాలి, అది తెర మీద పురుగుల్లా పాకుతుంది. తిరిగే కుర్చీ ఇవ్వకూడదు, తిరుగుతారు. వాళ్లు కెమెరాలోకి చూడరు, దాని పక్కన స్టూలు మీద కూర్చున్న నా మొహంలోకి చూసి చెప్తారు. నేను చప్పుడు చేయకుండా, చిరునవ్వుతో తలాడిస్తూ ఉండాలి. తయారైన వీడియోలో నేనుండను, నా ప్రశ్న కూడా ఉండదు.

పోయిన నెల ఒకాయన ఫిర్యాదు చేశాడు, ఆ కుర్రాడు చూసే చూపుకి ఏదో నేరం చేసినవాడిలా అయిపోయానండీ అని. కిరీటి అప్పుడే తేల్చేశాడు: "ఇంకోసారి ఇట్టాంటి మాట వచ్చిందంటే, ఆ మొహం పట్టుకుని ఇంటికెళ్లిపో శంకరూ."

ఆయన పొమ్మనేలోపు నేనే పోతాను. నెలాఖరుకి.

ఆగస్టు 7, గురువారం

కొత్త పని. హనుమయ్య అని ఉప్పుడు బియ్యం మిల్లు యజమాని. సింగపూరులో ఎవరో పెద్ద ఆర్డరు ఇచ్చేముందు యజమాని నోటి వెంట మిల్లు గురించి వినాలన్నారట. కిరీటి ఇచ్చిన చిరునామా చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. చల్లపల్లి పక్కన మా ఊరి మిల్లు.

ఆ మిల్లు బాయిలరు కింద రోజంతా ఊక మండుతుంది. గొట్టంలోంచి లేచిన బూడిద పడమటి గాలికి తిన్నగా మా నేతపేట మీద దిగుతుంది. నాన్న వీధిలో పడుగు నూలు బారుగా చాపి గంజి పట్టించే వేళ దిగుతుంది. తడి గంజి మీద పడ్డ బూడిద ఇక వదలదు. కుంచెతో దువ్విన కొద్దీ నూలులోకి ఎక్కుతుంది. నేసిన తెల్ల పంచె మీద నల్ల చుక్కలు. రెండుసార్లు షాపు వాళ్లు తిప్పి పంపారు. ఇంకో పడుగు పోతే మగ్గం ఎత్తేసి విజయవాడలో ఏదో అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా వచ్చేస్తానని నాన్న అన్నాడు. కొంచెం మజ్జిగ పొయ్యి అన్నంత మామూలుగా అన్నాడు.

దీని మీద వేసవిలో నేనొక కరపత్రం వేశాను. నాలుగు పేజీలు. మొదటి మూడు పేజీల్లో ప్రపంచ పరిస్థితి, నాలుగో పేజీలో బూడిద. మిల్లు గుమాస్తా గేటు దగ్గరే నిలబడి రెండో పేజీ దాకా చదివి, "బాగుంది బాబూ, కాస్త పెద్దదైంది" అన్నాడు.

మాది ఆ ఊరేనని కిరీటికి చెప్పలేదు. వాళ్ల గేటు వాళ్లే తీస్తుంటే అరుచుకుంటూ వెళ్లడం తెలివితక్కువ.

ఆగస్టు 12, మంగళవారం

పామర్రులో హనుమయ్య ఇల్లు. మొదటి రిహార్సల్.

కూతురు సింధూరి మిల్లు వ్యాపారం చూస్తుంది. ల్యాప్‌టాప్‌లో ప్రశ్నలు, జవాబులు టైపు చేసి ఉంచింది. ఆమె లెక్కంతా ఆమె దగ్గర ఉంది. ఆయనే ఆమె లెక్కలోకి రాడు. తెల్ల పంచె మోకాళ్ల పైకి లాగి సోఫా అంచున కూర్చున్నాడు, లేచి వెళ్లిపోవడానికి సిద్ధంగా.

మిల్లు ఎలా మొదలైందో చెప్పమన్నాను. నియమం ప్రకారం మౌనంగా తలాడించాను. ఆయన ఒక వాక్యం చెప్పి ఆగాడు. నేను తలాడించాను. ఆయన నన్ను చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, "వింటున్నావా అబ్బాయ్?" అన్నాడు.

వింటున్నానండీ అన్నాను. ఇంకో వాక్యం. మళ్లీ ఆగాడు.

"ఊఁ అనవేం?"

ఊఁ అంటే మైకులో పడుతుందని, ఆయన మాట మీద నా గొంతు ఎక్కుతుందని, తర్వాత కోసి తీసేయడం కుదరదని వివరంగా చెప్పాను. అంతా విని, "ఊఁ కొట్టనోడికి కథ ఎట్టా చెప్పేది? గోడకి చెప్పినట్టుంటది" అన్నాడు. సింధూరి తల పట్టుకుంది.

దీని మీద నా అభిప్రాయం స్పష్టం. ఊఁ కొట్టడం భూస్వామ్యపు అవశేషం. పెద్దవాడు చెప్తూ పోవడం, చిన్నవాడు దేనికైనా ఊఁ అనడం. మా ఇంట్లో కూడా నాన్న ఏదైనా మొదలుపెడితే నేను ఊఁ అనను. మధ్యలోనే ఖండిస్తాను.

హనుమయ్య భార్య పద్మావతమ్మ పెసరట్లు తెచ్చింది. శత్రువుకి అనుమానం రాకూడదని తిన్నాను. అల్లం పచ్చడి విషయంలో నిష్పాక్షికంగా రాయాలి: బాగుంది.

ఆగస్టు 13

జంతికలు కూడా ఎత్తుగడే.

ఆగస్టు 16, శనివారం

ఇవాళ ప్రశ్న కలిపి చెప్పడం నేర్పాను. నా గొంతు వీడియోలో ఉండదు కాబట్టి, జవాబు వింటేనే ప్రశ్న ఏమిటో తెలిసిపోవాలి. మిల్లు ఎప్పుడు పెట్టారు అని అడిగితే ఒక ఏడు చెప్పి ఊరుకోకూడదు. మేం మిల్లు ఫలానా ఏట పెట్టాం అనాలి. అందరికీ ఇదే కష్టం. కాలేజీ చైర్మన్లు సైతం మూడోసారికి గానీ దారికి రారు.

హనుమయ్యకి ఒక్కసారి చెప్తే పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు మరి వదల్లేదు.

"మీ వయసెంతండీ?"

"నా వయసు అరవై ఆరు."

"మీకు ఏ బియ్యం ఇష్టం?"

"నాకు ఇష్టమైన బియ్యం మా పెద్దకుంట చేలో పండిన బియ్యం."

పద్మావతమ్మ వంటింట్లోంచి, ఉప్మాలో జీడిపప్పు వెయ్యనా అని అడిగింది. "ఉప్మాలో జీడిపప్పు వెయ్యి" అన్నాడు. ఆ వెంటనే ఆవిడ, మందు వేసుకున్నారా అంది. "నేను మందు వేసుకోలేదు" అన్నాడు. ఆయన ఆ సంగతి దాచాలనుకున్నాడని ఆయన మొహం చూస్తే తెలిసింది. నోరు మాత్రం ముందే చెప్పేసింది. ఆవిడ మాత్ర తెచ్చి చేతిలో పెట్టి, నా వంక చూసి, "ఇన్నేళ్లలో నాకు సరిగ్గా జవాబు చెప్పింది ఇవాళే బాబూ" అంది.

బస్సులో వస్తుంటే ఉయ్యూరు దాటాక తట్టింది. ప్రశ్న ఏదైనా సరే, ఆయన దాన్ని వాక్యం చేసి తన నోటితో తనే అంటాడు. ప్రశ్న ఏదైనా సరే.

ఇంతకాలం చదివిన దానికి ఇదే ఫలితం అనుకుంటాను.

ఆగస్టు 20, బుధవారం

చుట్టుపక్కల జనం గురించి ఒక మంచి మాట రాసివ్వమని సింధూరి అడిగింది. నిరాకరిస్తే పథకం బయటపడుతుంది. అందుకని రాశాను: "మా మిల్లు పొగలో కూడా పక్కవాడి క్షేమం ఉంటుంది. మా వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు."

పచ్చి అబద్ధం. నాకు సిగ్గుగా ఉంది. మొదటి వాక్యం మాత్రం బాగా కుదిరింది.

ఆగస్టు 23, శనివారం

ప్రశ్నల పని అయిపోయింది గానీ ఊఁ పని అవలేదు. ఈయన ఒక వాక్యం అనడం, నా మొహం చూడటం, ఆగిపోవడం. పోయిన రిహార్సల్‌లో కిరీటి కూడా వచ్చి చూసి, సింగపూరు వాళ్లు మధ్యలో నెట్ ఆగిందనుకుంటారండీ అన్నాడు. సింధూరి ఇక ఆశ వదిలేసి, ఆర్డరు పోతే పోయిందిలే నాన్నా అంది. ఆయనకి పౌరుషం వచ్చింది.

"తప్పు నాది కాదమ్మా, ఈ అబ్బాయి మొహానిది. కోర్టులో జడ్జిలాగ చూస్తన్నాడు. నాకు సరైన మనిషి ఉన్నాడు. నేతపేటలో సాంబమూర్తి. నా పంచెలన్నీ ఆయన నేసినవే. ఆయన ఎదురుగా కూచుంటే పొద్దుగూకిందాకా చెప్తా."

టీ నా ముక్కులోకి పోయింది.

సాంబమూర్తి మా నాన్న.

ఆగస్టు 24, ఆదివారం. ఇంటి దగ్గర

నాన్న సాయంత్రాలు మిల్లు గేటు దగ్గర టీకి వెళ్తాడని అమ్మకి కూడా తెలుసు. నాకే తెలీదు. బెంచీ మీద ఆ యజమాని పక్కన కూర్చుని ఆయన చెప్పేదంతా వింటాడట. ఏళ్ల తరబడి. వర్గ సామరస్యానికి ఇంతకన్నా నీచమైన ఉదాహరణ నేను చదవలేదు. అదే మాట అన్నాను.

నాన్న కండెలకి నూలు చుట్టుకుంటున్నాడు.

"మరి బూడిద సంగతి ఒక్కసారైనా అడిగావా నాన్నా?"

"ఊఁ కొట్టేవాడు మధ్యలో అడుగుతాడట్రా? ఆయన చెప్పేది అవనీ."

"ఎప్పటికవుతుంది?"

"ఇంకా కుర్రతనం దగ్గరే ఉన్నాడు."

నా పథకం ఆయనకి చెప్పలేదు. నేర్పాల్సింది మాత్రం నేర్పాను. స్టూలు మీద కదలకుండా కూర్చోవాలి, తలాడించాలి, చప్పుడు చేయకూడదు. ఏం జరిగినా చప్పుడు చేయకూడదు. నేనెవరో తెలియనట్టు ఉండాలి. ఊఁ అనకుండా తలాడించడం ఆయనకి చచ్చేంత కష్టమైంది. అమ్మ ఏదో చెప్తూ ఉంటే ఎదురుగా కూర్చోబెట్టి సాధన చేయించాను. అమ్మ కాసేపు చెప్పి, ఒంట్లో బాలేదేంటయ్యా అని నుదురు పట్టుకు చూసింది.

కొత్త పడుగు సిద్ధంగా ఉంది. వాన తెరిపి ఇచ్చాక చాపుతాడు. అదీ పోతే మగ్గం ఎత్తేస్తాడు.

ఆగస్టు 27. వినాయక చవితి

పద్మావతమ్మ గారు ఉండ్రాళ్లు పంపారు.

పైన గారు పొరపాటున పడింది. కొట్టేస్తే పేజీ పాడవుతుందని ఉంచాను.

సెప్టెంబరు 1, సోమవారం

షూటింగ్ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మిల్లు వరండాలో బస్తాల ముందు కుర్చీ వేశాం. నాన్న ఇస్త్రీ చొక్కాలో వచ్చి నాకు నమస్కారం పెట్టి, "తమరే ఊరండీ?" అన్నాడు. మరీ అంత అక్కర్లేదు. కిరీటి ఈయనెవరో పద్ధతి తెలిసిన మనిషి, చూసి నేర్చుకో అన్నాడు.

కెమెరాలో చూస్తూ కిరీటి, హనుమయ్య పంచె మీద ఆ నల్ల మచ్చలేంటి, దులుపు అన్నాడు. దులిపాను. పోలేదు. వేరేది కట్టుకోమన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ పద్మావతమ్మ గారు, "అన్నీ అట్టాగే ఉంటాయండీ, షాపు వాళ్లు తిప్పి పంపినవన్నీ ఈయనే కొంటారు" అన్నారు. నేను నాన్న వంక చూశాను. నాన్న శిక్షణ ప్రకారం ఎటూ చూడలేదు.

మొదలైంది. కెమెరా పక్కన స్టూలు మీద నాన్న, స్టూలు కింద బాసింపట్టు వేసుకుని ప్రశ్నల కాగితంతో నేను. సింధూరి వెనక. హనుమయ్య నాన్న మొహంలోకి చూసి చెప్పడం మొదలుపెట్టాడు, ధారగా. నాన్న తలాడించే తీరే వేరు. ఊఁ వినపడలేదు గానీ కనపడింది. కిరీటి హెడ్‌ఫోన్లు పెట్టుకుని నాకు బొటనవేలు చూపించాడు. సింధూరి మొహం అప్పుడే విచ్చుకుంది.

చుట్టుపక్కల జనం ప్రశ్న వచ్చింది. కాగితం మీద ఉన్నది అడగలేదు. గొంతు అదే స్థాయిలో ఉంచి అడిగాను: "మీ మిల్లు బూడిద నేతపేట పడుగుల మీద పడుతోంది కదండీ, ఎప్పుడు ఆపుతారు?"

ఆయన నోరు నేను నేర్పినట్టే నడిచింది.

"మా మిల్లు బూడిద నేతపేట పడుగుల మీద పడుతోంది. దాన్ని ఎప్పుడు ఆపుతామంటే"

అక్కడ ఆగాడు. తను అన్నది తన చెవిన పడింది.

సింధూరి కట్ అంది. కిరీటి చెవుల మీద హెడ్‌ఫోన్లు, వినలేదు. హనుమయ్య చెయ్యెత్తి కూతుర్ని ఆపాడు. కానీ ముందుకీ వెళ్లలేదు. నాన్న మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఒక్క ఊఁ కోసం చూస్తున్నాడని వరండాలో అందరికీ తెలుస్తోంది. నాన్న తలాడించాడు, చప్పుడు లేకుండా. అది చాల్లేదు. నేను కింద నుంచి నాన్న కాలు గోకాను, అనమని. నాన్న కాలు వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ గోకాను. పెదాలతో ఊఁ, ఊఁ అని చూపించాను. నాన్న మైకు వైపు చూపించి అడ్డంగా తలూపాడు. ఇన్నేళ్లలో నా మాట ఆయన తు.చ. తప్పకుండా పాటించింది ఆ ఒక్కసారే.

మూడోసారి గోకేసరికి ఆయనకి విసుగొచ్చింది.

"చప్పుడు చేయొద్దని నువ్వే కదరా నేర్పావు శంకరం?"

కిరీటి హెడ్‌ఫోన్లు తీశాడు. హనుమయ్య వంగి స్టూలు కిందకి, నా వంక చూశాడు.

"ఈ జడ్జి నీ కొడుకా సాంబమూర్తీ?"

"మా వాడేనండీ" అన్నాడు నాన్న. ఒక్క క్షణం నా వంకా, హనుమయ్య పంచె వంకా చూశాడు. గొంతు సర్దుకున్నాడు. "ఎలాగూ చప్పుడు అయిపోయింది. ఊఁ. చెప్పండి హనుమయ్య గారూ. ఎప్పుడంటే?"

హనుమయ్య గారు పంచె మీద ఒక నల్ల చుక్కని గోటితో కాసేపు గోకారు.

"దసరాకి. దసరాకల్లా గొట్టానికి బూడిద పట్టే మిషను బిగిస్తాను."

"ఊఁ" అన్నాడు నాన్న.

తర్వాత సంగతి క్లుప్తంగా. సింధూరి ఆ ముక్క తుడిపేయమంది, కిరీటి ఆమె ఎదురుగానే తుడిపేశాడు. మోసం చేశారు మీరు అని నాతో అంది, ఆమె కళ్లలో నీళ్లు ఉన్నాయి. దానికి జవాబుగా నా దగ్గర కరపత్రం మూడో పేజీలో మంచి పేరా ఉంది, అప్పుడు గుర్తుకు రాలేదు. కిరీటి వ్యాన్ ఎక్కేముందు, "మొహం పట్టుకుని ఇంటికెళ్లు" అన్నాడు. ఇల్లు అక్కడికి నాలుగు వీధులే. నడిచి వెళ్లాను.

నేనే మానేద్దామనుకున్నాను. నెలాఖరుకి అనుకున్నది ఒక రోజు దాటింది, అంతే.

సెప్టెంబరు 2

తుడిపేశారు. ఇక ఏ ఆధారమూ లేదు. నాన్న దసరా దాకా పడుగు చాపనంటున్నాడు. ఆయన మాటిచ్చాడుగా అంటాడు. ఇంత అమాయకత్వంతో ఏ మార్పూ రాదు అన్నాను. అన్నం తిను అన్నాడు.

సెప్టెంబరు 5, శుక్రవారం

పద్మావతమ్మ గారు తలుపు దగ్గర నిలబడి ఆరోజు మొత్తం ఫోన్లో తీశారట. మా ఆయన షూటింగ్ అని వాళ్ల చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. నాన్న మిల్లు గేటు దగ్గర విని వచ్చాడు. గుడివాడ నుంచి బావమరిది ఫోన్ చేసి ఏ కంపెనీ మిషను బావా అని అడిగాడట. ఏలూరు వియ్యంకుడు శభాష్ అని పెట్టాడట. ఎవరో పెద్దావిడ రెండు చేతులూ జోడించిన బొమ్మ పెట్టిందట. ఇంకా ఎవరెవరో అడుగుతూనే ఉన్నారట, పెట్టించావా, పెట్టించావా అని.

"అంతమంది ఊఁ కొట్టాక లేదని ఎట్టా చెప్పేది సాంబమూర్తీ" అన్నారట హనుమయ్య గారు.

ప్రజాబాహుళ్యం చైతన్యవంతం కావడం గురించి నేను ఎంతో చదివాను. అందులో గుడివాడ బావమరిది పాత్ర లేదు.

సెప్టెంబరు 17

సింధూరి మేడం ఫోన్ చేశారు. ఆ ముక్క లేకుండానే వీడియో వెళ్లిందని, సింగపూరు వాళ్లకి నచ్చిందని చెప్పారు. మిషనుకి ఆర్డరు పెట్టామన్నారు. మీ కరపత్రం గుమాస్తా దగ్గర దొరికింది, చదివానన్నారు. ఎలా ఉంది అని అడిగాను.

"నాలుగో పేజీ మొదట పెట్టుంటే ఎండాకాలంలోనే పని అయిపోయేది శంకర్ గారూ."

ఆలోచించాల్సిన విమర్శ. ప్రపంచ పరిస్థితిని రెండో పేజీకి మార్చవచ్చు.

సెప్టెంబరు 22

కిరీటి ఫోన్. గుడివాడ బావమరిదికి చేపల మేత ఫ్యాక్టరీ ఉందట. మా బావ అంత బాగా మాట్లాడగా ఎన్నడూ చూడలేదు, ఆ కుర్రాడే కావాలన్నాడట. "వస్తావా?" అన్నాడు కిరీటి. అంతకన్నా మర్యాదగా ఆయనకి రాదు.

పోరాట అవసరాల దృష్ట్యా ఒప్పుకున్నాను. ఈ నెలాఖరుకి మానేస్తాను.

అక్టోబరు 5, ఆదివారం. ఇంటి దగ్గర

మిషను దసరా దాటాక నిన్న బిగించారు. రెండు రోజులు ఆలస్యమని హనుమయ్య గారు స్వయంగా వచ్చి నాన్నకి సంజాయిషీ చెప్పుకున్నారట.

పొద్దున వీధిలో పడుగు చాపాం. నేనొక చివర పట్టుకున్నాను. నాన్న గంజి పట్టించి కుంచెతో దువ్వుకుంటూ వచ్చాడు. మిల్లు నడుస్తూనే ఉంది. ఎండ ఎక్కేదాకా ఆకాశం వైపు చూస్తూనే ఉన్నాను. నూలు తెల్లగా ఆరింది.

ఇదంతా కరపత్రం తాలూకు దీర్ఘకాలిక ప్రభావమేనని నాన్నకి వివరించబోయాను. ఒక వ్యక్తి మంచితనం మీద ఆధారపడటంలో ఉన్న పరిమితులు కూడా చెప్పాలనుకున్నాను. ఈలోపు ఆయనే మొదలుపెట్టాడు. ఆయన కుర్రతనంలో, మొదటిసారి తాత ఆయన చేతికి కుంచె ఇచ్చిన రోజు సంగతి. తాత ఏమన్నాడో చెప్పబోతూ ఆగాడు. కుంచె గాల్లో పట్టుకుని నా వంక చూశాడు.

ఖండించాల్సింది ఇంకా ఏమీ చెప్పలేదు ఆయన.

ఊఁ అన్నాను.